పొయ్యికి దూరంగా మూడు రోజులు

"మూడు రోజులు పొయ్యి దగ్గరికి పోవద్దంది డాక్టరమ్మ."

గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఆ మాట అనేసింది వెరోనికా. లోపలికెళ్ళి కూర్చుంటే ఇక నోరు పెగలదని ఆమెకు తెలుసు. భిలాయ్ సివిక్ సెంటర్ నుంచి ఖుర్సీపార్‌లోని ఇంటి దాకా ఆటోలో, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఆ ఒక్క మాటనే బడిపిల్ల ఎక్కం వల్లించినట్టు వల్లించుకుంటూ వచ్చింది.

అత్త ఫిలోమినమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తలెత్తి చూసింది.

"ఓలమ్మో! మొహమేటే, తొక్క తీసిన టమాటాలాగున్నాది?"

"సూదులు గుచ్చారత్తా. మూడ్రోజుల్లో తగ్గిపోద్దంట. సెగ తగలకూడదు, చెమట పట్టకూడదు, ఎండలోకి పోకూడదు. పోతే నల్లగా మచ్చలు పడిపోతాయంట."

"మరి వంట?"

అదీ ప్రశ్న. ఎన్ని సూదులు దిగాయి, నొప్పి పుట్టిందా, ఒక్కదానివీ ఎలా వచ్చావు, ఇవేవీ కాదు. మరి వంట.

"మనకేటే ఈ గోల?" అంది ఫిలోమినమ్మ మళ్ళీ తనే. "మనం కిరస్తానపోళ్ళం. పక్కింటి నూకరత్నంలాగ మూడ్రోజులు బయట కూకుంటావేటి?"

నూకరత్నం సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. గోడవతల క్వార్టర్లో ఉంటుంది. నెలకి మూడు రోజులు వెనక వరండాలో చాప వేసుకుని విడిగా కూర్చుంటుంది. ఆ మూడు రోజులూ ఆమె మొగుడు అప్పలసూరి వండుతాడు. రైల్వేలో పని, పొడుగ్గా గడకర్రలా ఉంటాడు. లుంగీ ఎగ్గట్టుకుని అతను చేసే ఉప్మా మీద వీధిలో ఉన్నన్ని జోకులు ఇంకెవరి మీదా లేవు. ఫిలోమినమ్మ ఆ ఇంటి వైపు చూసినప్పుడల్లా శిలువ గుర్తు వేసుకుని "మాకా మైలలు నేవమ్మా. మా దేవుడు ఆడదాన్ని బయట కూకోమని సెప్పలేదు" అంటుంది.

నిజమే. బయట కూర్చోమని చెప్పలేదు. ఈ ఇంటి మగవాళ్ళు దాన్ని అసలు కూర్చోవద్దని అర్థం చేసుకున్నారు, అంతే. పెళ్ళయిన పదిహేనేళ్ళలో వెరోనికా పొయ్యికి ఒక్క పూట దూరం కాలేదు. నడుం రెండు ముక్కలవుతున్న రోజున కూడా వేడినీళ్ళ సంచీ కొంగుతో పొట్టకి కట్టుకుని రొట్టెలు కాల్చింది. మూఢనమ్మకాలు లేని ఇల్లు మాది అని మొగుడు మార్టిన్ గొప్పగా చెప్పుకుంటాడు. మూఢనమ్మకాలు లేవు, సెలవూ లేదు. పక్కింట్లో ఆడదాన్ని మైల అని బయటికి తోస్తే, ఈ ఇంట్లో మైల లేదని లోపలికి తోశారు. రెండూ తోయడమే.

ప్లాంటు నుంచి మార్టిన్ వచ్చాడు. రైలుపట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేస్తాడు. హెల్మెట్ మేకుకి తగిలించి, విషయం విని, ఆమె మొహం వైపు కాకుండా వంటగది వైపు చూశాడు.

"మొహం బాగు చేయించుకోమన్నాను గానీ వంట మానీమన్నానేటి?"

అవును, బాగు చేయించుకోమన్నది అతనే.

వెరోనికాకి పదహారో ఏట మొటిమలు వచ్చాయి. వచ్చినవి పోయాయి గానీ, రెండు బుగ్గలనిండా గుంతలు మిగిల్చి పోయాయి. తల్లి వేపాకు నూరి పూసింది, పసుపు పూసింది, ఎవరో చెబితే పళ్ళపేస్టు కూడా పూసింది. చివరికి పెళ్ళి సంబంధానికి ఫోటో తీయించాల్సి వచ్చినప్పుడు, పవర్‌హౌస్ దగ్గరి స్టూడియో ఆయన నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో గంటసేపు కూర్చుని ఆ గుంతలన్నీ పూడ్చేశాడు. ఆ ఫోటో చూసి మార్టిన్ ఒప్పుకున్నాడు. ఆ తర్వాత పదిహేనేళ్ళు ఒకే జోకు. ఇంటికి స్నేహితులొస్తే చాలు, "ఫోటో సూసి ఓకే అన్నాను యార్, డెలివరీ అయ్యాక సూస్తే సడక్ మీద గోతులు!" అని పగలబడి నవ్వేవాడు. వాళ్ళూ నవ్వేవాళ్ళు. టీ కప్పుల ట్రే పట్టుకుని వెరోనికా కూడా నవ్వేది. నవ్వకపోతే "మజాక్ కూడా తెలీదు దీనికి" అనేవాడు.

మార్టిన్ ముంజేతి మీదా ఒక మచ్చ ఉంది, అరచేయంత. ఎర్రటి ఇనుప రవ్వ పడి కాలింది. బీడీ ముట్టించడానికి చేతితొడుగు తనే విప్పేసుకున్నాడని ఒక్క వెరోనికాకే తెలుసు. వచ్చినవాళ్ళకి మాత్రం చొక్కా చెయ్యి మడిచి మరీ చూపిస్తాడు. "లోహాతో పని చేసే మగాడి చెయ్యిది." ఒకే ఇంట్లో రెండు మచ్చలు. ఒకదానికి కథ ఉంది, ఒకదానికి జోకు ఉంది.

ఈ ఏడు మార్టిన్ చర్చి కమిటీలోకి ఎన్నికయ్యాడు. ఈస్టర్ వెళ్ళాక బిషప్పుగారు వస్తారు, కమిటీవాళ్ళంతా భార్యాపిల్లలతో స్టేజీ ఎక్కాలి, ఫోటో సావనీర్లో పడుతుంది. హిందీ పేపర్లో పెట్టి పంచిన ఒక కరపత్రం తెచ్చి ఆమె ముందు పడేశాడు. గుంతలు పడ్డ మొహాలకి సూదుల రోలరుతో వైద్యం. "ఎల్లి సూపించుకో. అందరి ముందూ నా పరువు తియ్యకు."

అబద్ధమెందుకు, వెరోనికాకీ కావాలనిపించింది. పదహారో ఏటి నుంచీ కావాలనే ఉంది. ఆమె పాఠాలు చెప్పే నర్సరీ క్లాసులో ఒళ్ళో కూర్చున్న పిల్లలు బుగ్గలోకి వేలు పెట్టి "మిస్, యహాఁ చీంటీ రహతీ హై క్యా?" అని అడుగుతారు, చీమలుంటాయా ఇందులో అని. పిల్లల మీద కోపం రాదు. వార్షికోత్సవం నాడు మిగతా టీచర్లని గుమ్మంలో నిలబెట్టి తనని తెర వెనక పిల్లలకి బట్టలు తొడగమన్న ప్రిన్సిపాల్ మీద వచ్చింది. వచ్చి, ఎక్కడికి పోవాలో తెలియక, బుగ్గల్లోనే ఉండిపోయింది. తన జీతంలోంచే కట్టింది ఈ వైద్యానికి.

క్లినిక్కులో చిన్న గది, తెల్ల దీపం. మణిమాల అనే పిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవు, ఫారం నింపుతూ తోడెవరొచ్చారని అడిగింది.

"సాథ్ మే కౌన్ ఆయా హై, దీదీ?"

"కోయీ నహీ."

ఎవరూ రాలేదనేసరికి ఆ పిల్ల పెన్ను ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ రాసుకుంది.

ముందు తిమ్మిరెక్కే క్రీము రాశారు. మణిమాల వేళ్ళు నుదుటి మీద మొదలై, కణతల మీదుగా బుగ్గల్లోకి దిగి, గుండ్రంగా, తొందరలేకుండా తిరిగాయి. ఏ గుంతనీ వదిలిపెట్టలేదు. ఆ వేళ్ళ కింద పడుకుని వెరోనికా లెక్క వెతుక్కుంది. తన మొహం మీద మనిషి చెయ్యి పడి ఎన్నాళ్ళయింది? కూతురు షీబా పాలు తాగే వయసులో తడిమేది. ఆ తర్వాత? మార్టిన్ చేతులకి ఆమె ఒంటితో పని ఉంది, మొహంతో లేదు. దీపం ఆర్పేవాడు. పన్నెండేళ్ళ తర్వాత తన మొహాన్ని ఒక మనిషి ముట్టుకుంటోంది, అదీ ఉద్యోగం గనుక.

కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

"జలన్ హో రహీ హై, దీదీ?" మండుతోందా అని అడిగింది మణిమాల.

"హా. థోడా," అంది వెరోనికా.

తర్వాత డాక్టరమ్మ వచ్చింది. చేతిలో చిన్న రోలరు, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి సూదులు. పాత దెబ్బని చర్మం మర్చిపోయి ఊరుకుంటుందట. మళ్ళీ కొత్తగా గుచ్చితే, ఓహో దెబ్బ తగిలింది అని లేచి, కిందనుంచి పోగులు అల్లుకుంటూ పైకొస్తుందట. అలా ఆరేసి వారాలకొకటి, నాలుగు సిట్టింగులు. తిమ్మిరి ఉన్నా, బుగ్గ ఎముక మీదికి రోలరు వచ్చేసరికి చిర్రున లాగింది. ఆవాలంత రక్తపు చుక్కలు మొహమంతా పొడుచుకొచ్చాయి. మణిమాల ఉప్పునీళ్ళ గుడ్డతో అద్ది అద్ది తుడిచింది. ఈస్టర్ ముందరి తపస్సుకాలంలో శిలువమార్గం ఆరో స్థలం దగ్గర చర్చి అంతా మోకరిల్లుతుంది, అక్కడ శిలువ మోస్తున్న ప్రభువు మొహాన్ని వెరోనికమ్మ తుడుస్తుంది. ఆ పేరు పెట్టుకున్న పాపానికి ముప్ఫయ్యారేళ్ళుగా అందరి మొహాలూ తుడవడమే ఈ వెరోనికా పని. మామగారు పోయేముందు ఆయన నోటి చొంగా, షీబా ముక్కూ, నర్సరీ పిల్లల మూతులూ. తన మొహం ఒకరు తుడవడం ఇదే మొదలు.

ఆ మొదటిసారి ఇంట్లో ఆమె మాట సాగలేదు. తడిగుడ్డ మొహానికి కట్టుకుని, కళ్ళు మాత్రం బయట పెట్టి, ఆ సాయంత్రమే చిక్కుడుకాయ కూర వండింది. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు.

రెండో సిట్టింగు క్రిస్మస్‌కి ముందు పడింది. అక్కడే పొరపాటు జరిగింది. పిండివంటలు చేయని క్రిస్మస్ ఉంటుందా? క్వార్టర్లలో ఇంటింటికీ పళ్ళేలు వెళ్ళాలి. సిట్టింగైన మరునాడే బెల్లం పాకం పట్టి అరిసెలు వత్తింది, ఆ పై రోజు కజ్జికాయలు. పెద్ద మూకుడు ముందు రెండు రోజులు. ఫిలోమినమ్మ పక్కన కూర్చుని లెక్కెట్టింది, మార్టిన్ రుచి చూశాడు. కొత్త సంవత్సరం వచ్చేసరికి వెరోనికా రెండు బుగ్గల మీదా మసి అద్దినట్టు నల్లటి అట్టలు కట్టాయి. గుంతలు గుంతల్లానే ఉన్నాయి, పైన నలుపు.

"బాగు చేయించుకు రమ్మంటే తారు పోయించుకొచ్చిందిరా, సడక్ పూర్తయింది," అన్నాడు మార్టిన్ ఇంటికొచ్చిన స్నేహితుడితో, ఇంకో కజ్జికాయ కొరుకుతూ.

డాక్టరమ్మ నవ్వలేదు. మొహం పట్టుకుని వెలుగులోకి తిప్పి, "పొయ్యి ముందు కూర్చున్నారు కదూ?" అంది హిందీలో. "ఇంకోసారి ఇలా చేస్తే ఈ నలుపు పోదు. నేను సూది ముట్టుకోను. మీ ఇంట్లో వంట చేయడానికి ఇంకెవరికీ చేతుల్లేవా?"

వెరోనికా నోరు తెరిచింది. ఎవరున్నారో చెబుదామని. మార్టిన్ చేతులు, ఆ మచ్చతో సహా, కళ్ళముందుకొచ్చాయి.

నలుపు తగ్గడానికి ఏదో పూత ఇచ్చి, ఫిబ్రవరిలో మూడో సిట్టింగు చేశారు. ఈసారి వెరోనికా ఇంటికొచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. వెనక వరండాలో నీడ చూసుకుని చాప వేసుకుని కూర్చుంది. పిట్టగోడవతల నూకరత్నం కూడా చాప మీదే ఉంది, ఆమె మూడు రోజులు ఆమెవి.

"ఏటొదినా, నువ్వూ బయటున్నావేటి?"

"డాక్టరు పెట్టింది."

నూకరత్నం కిసుక్కున నవ్వింది. "నాకు దేవుడు, నీకు డాక్టరు. మనకి మనం సెలవెట్టుకునే రోజెప్పుడొస్తాదో."

"నీకు నయం నూకరత్నం. మీ ఆయన వండి పెడతాడు."

"ఒండుతాడు. ఒండి, పళ్ళెం దూరంనుంచి తోస్తాడు." నూకరత్నం నవ్వు ఆగిపోయింది. "నడుం వాలుస్తానొదినా, నిజమే. కానీ దానికి నేను మైలనని ఒప్పుకోవాల. ఒప్పుకుంటేనే సెలవు. మొన్న సంటోడికి జొరమొచ్చి అమ్మా అమ్మా అని ఏడిస్తే ముట్టుకోనియ్యలేదు. ఈ సుకం కావాలేటి నీకు?"

ఇద్దరూ గోడకి చెరో పక్కా కూర్చున్నారు. ఇద్దరికీ మధ్య రెండడుగుల గోడే ఉంది. అయినా నూకరత్నాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, వెరోనికాని ఎవరూ ముట్టుకోరు.

అంతలో పోపు వాసన వచ్చింది. తన వంటగదిలోంచి.

ఒక్క క్షణం మార్టినేనేమో అనుకుంది. లేచి కిటికీలోంచి చూసింది. పొయ్యి ముందు షీబా. పదమూడేళ్ళ పిల్ల, స్కూలు స్కర్టు ఇంకా విప్పలేదు, మూకుడు మీదికి వంగి గరిటె తిప్పుతోంది. చెమట గడ్డం మీద నుంచి కారుతోంది. నుదుటి మీద, సరిగ్గా మధ్యలో, ఎర్రటి మొటిమ ఒకటి. మొదటిది. సెగకి మండుతోందేమో, మాటిమాటికీ మోచేత్తో రుద్దుకుంటోంది. నాయనమ్మ పక్కన నిలబడి "మంట తగ్గించే, మాడిపోద్ది" అని నేర్పుతోంది. ముందుగదిలో మార్టిన్, ఆ రోజు అతనికి వీక్లీ ఆఫ్, కుర్చీలో పేపరు చదువుతున్నాడు. చదువుతూనే అంటున్నాడు. "నేర్చుకో బిడ్డా. మీ అమ్మకి రాణీయోగం పట్టింది."

పొయ్యి ఖాళీగా ఉండదు. ఒక ఆడది లేస్తే ఇంకో ఆడదాన్ని కూర్చోబెట్టుకుంటుంది. తన మూడు రోజులు ఆకాశంలోంచి పడలేదు, కూతురి వీపు మీంచి తీసి తనకిచ్చారు. ఈ సంగతి గుచ్చుకున్నంత లోతుగా ఆ రోలరులో ఏ సూదీ గుచ్చుకోలేదు.

వెరోనికా లోపలికి నడిచింది. గ్యాసు కట్టేసింది. షీబా చేతిలోంచి గరిటె తీసుకుంది. అత్త పక్కకి జరిగి చోటిచ్చింది, కోడలికి బుద్ధొచ్చిందనుకుంది. వెరోనికా ముందుగదిలోకి వెళ్ళి ఆ గరిటెని మార్టిన్ చదువుతున్న పేపరు మీద పెట్టింది. నూనె మరక క్రికెట్ వార్తంతా పాకింది.

"మీరు చెయ్యండి."

"నేనా? నాకేటొచ్చు?"

"అంతంత పొడుగు రైలుపట్టాలు సాగదీస్తారు గదా. పప్పు ఉడకబెట్టలేరా?"

"మొహం ఇంకా బాగవ్వనే లేదు, పొగరు సూడు!" మార్టిన్ లేచి నిలబడ్డాడు. "అది చేస్తోంది గదే, దాన్ని చెయ్యనీ!"

"అది చెయ్యదు. నేను చెయ్యలేనప్పుడు అది చెయ్యదు. మీరు చేస్తే తిందాం, లేకపోతే నలుగురం పస్తుందాం." వంటగది వైపు తిరిగింది. "షీబా, పోయి మొహం కడుక్కో."

ఆ మధ్యాహ్నం మార్టిన్ బజారు నుంచి సమోసాలు తెచ్చి తల్లి ముందు పెట్టాడు. మరునాడు కిచిడీ చేశాడు, అడుగంటింది. ఆ మూడు రోజులూ వెరోనికాతో ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. షీబా కూడా దొంగచాటుగా చూసేది, దగ్గరికొచ్చేది కాదు. గెలిచానని వెరోనికాకి అనిపించలేదు. మూడు రోజులు చేతుల్లో పని లేకపోయేసరికి, పని తప్ప తనని ఈ ఇంటికి కట్టి ఉంచింది ఏమీ లేదని తెలిసింది. పని చేస్తున్నంతసేపూ ఆ సంగతి కనబడలేదు. ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటే బాగుండుననిపించింది. నూకరత్నం స్నానం చేసి లోపలికి వెళ్ళిపోయింది.

మార్చిలో నాలుగోది. మార్టిన్ గిన్నెలు దభాల్మనిపిస్తూనే వండాడు. సిట్టింగు ముగిశాక డాక్టరమ్మ మొదటి ఫోటో, ఇప్పటి మొహం పక్కపక్కన చూసి, "బస్, హో గయా," అంది. సగం పూడాయి, మిగతా సగం ఉంటాయి, ఇక రానక్కర్లేదు. మణిమాల చివరిసారి మొహం తుడుస్తూ "అబ్ మత్ ఆనా, దీదీ," అని నవ్వింది, ఇక రావద్దు మరి. వెరోనికా క్లినిక్ మెట్ల మీద చాలాసేపు నిలబడింది.

ఈస్టర్ వెళ్ళింది. బిషప్పుగారు వచ్చారు, ఫోటో దిగారు. సావనీర్లో వెరోనికా మొహం మీద ఎవరిదో పూలదండ నీడ పడింది. మార్టిన్ బాగా వచ్చాడు. ఇక మూడు రోజుల సెలవు లేదు, వంటగది రోజూ ఆమెదే.

మే నెల. భిలాయ్‌లో గోడలకి కూడా చెమటలు పట్టే రోజులు. ఒక శనివారం పొద్దున వెరోనికా జీలకర్ర డబ్బా మూత పెట్టి, చీర మార్చుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు మార్టిన్.

"సిట్టింగుకి."

"అయిపోయిందన్నావు గదా?"

"ఇంకా ఉన్నాయి."

సివిక్ సెంటర్లో దిగింది. క్లినిక్ ముందునుంచి నడిచి వెళ్ళింది గానీ లోపలికి వెళ్ళలేదు. నీడలో ఒక బెంచీ మీద రెండు గంటలు కూర్చుంది. బండి దగ్గర ఒక ప్లేటు పానీపూరీ, ఇక్కడివాళ్ళ గుప్‌చుప్, తింది. పుదీనా నీళ్ళు ముక్కుకెక్కి, ఒక్కతే దగ్గుకుంటూ నవ్వుకుంది. కుళాయి దగ్గర మొహం కడుక్కుని, కొంగు అడ్డం పెట్టుకుని ఆటో ఎక్కింది.

"మూడు రోజులు పొయ్యి దగ్గరికి పోవద్దంది డాక్టరమ్మ," అంది గుమ్మంలో చెప్పులు విడుస్తూ.

కొంగు తీసేసింది. మొహంలో ఎరుపు లేదు, వాపు లేదు, ఒక్క సూది గాటు లేదు. చూస్తే చిన్నపిల్లకైనా తెలిసిపోతుంది.

ఫిలోమినమ్మ తలెత్తింది. "అయ్యో, ఈపాలి మరీ కందిపోనాదే!"

మార్టిన్ పేపరు దించలేదు. "మళ్ళీ మూడ్రోజులా?" అని విసుక్కుని, కాసేపటికి లేచి వంటగదిలోకి పోయాడు.

వెరోనికా వెనక వరండాలో చాప వేసుకుని కూర్చుంది. పట్టుబడతానని దారంతా భయపడింది. ఇప్పుడర్థమైంది, ఈ ఇంట్లో పట్టుబడే ప్రమాదం ఏనాడూ లేదు. పట్టుకోవాలంటే ఎవరో ఒకరు మొహంలోకి చూడాలి.

షీబా తడిగుడ్డ పట్టుకుని వచ్చింది. ఎదురుగా గొంతుకూర్చుని, గుడ్డ వెయ్యబోయి, ఆగింది. తల్లి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. గుడ్డ పక్కన పెట్టి, చూపుడువేలితో తల్లి బుగ్గ మీది గుంతని ఒకదాన్ని మెల్లగా తాకింది. ఆ పిల్ల నుదుటి మీద మొటిమలు ఇప్పుడు మూడు.

లోపల్నుంచి గిన్నె పడ్డ చప్పుడు, ఆ వెనకే మార్టిన్ కేక.

"ఉప్పెక్కడుందే?"

పదిహేనేళ్ళుగా ఒకే చోట ఉంది, చింతపండు జాడీ వెనక. షీబా అలవాటుకొద్దీ లేవబోయింది. వెరోనికా ఆ చెయ్యి పట్టుకుని, తన బుగ్గ మీదే ఉంచుకుని, కూర్చోబెట్టింది.

"వెతుక్కోనీ."